ఇనుము దించని మూడు రోజులు

నవంబర్ 17, సోమవారం

ప్రేమ్‌కుమార్ బతికే ఉన్నాడు. పేపర్లో జిల్లా పేజీలో కనిపించాడు. డిసెంబర్ 23న పాడేరులో బడిపిల్లల సైన్స్ ఫెయిర్, ప్రధాన న్యాయనిర్ణేత విశ్రాంత కాఫీ శాస్త్రవేత్త డాక్టర్ ప్రేమ్‌కుమార్. ఫొటో కూడా వేశారు. జుట్టుకు రంగు వేస్తున్నాడు. డెబ్భై మూడేళ్ళ మనిషికి అంత నల్లటి జుట్టు ఉందంటే, అతను సత్యానికి ఎంత విలువ ఇస్తాడో వేరే చెప్పనక్కర్లేదు.

పేపరు మడిచి పెట్టాను. మళ్ళీ తీసి చదివాను.

నవంబర్ 18

సరళ వచ్చింది. ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది. నేను రిటైరయ్యాక అదే బడిలో, అదే కుర్చీలో కూర్చుని సైన్స్ చెబుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఎరువుకుప్ప వేడి కొలుస్తానంటోందట. చలికి ఊరంతా వణుకుతుంటే కుక్క మాత్రం కాఫీ తొక్క కుప్ప మీద హాయిగా పడుకోవడం చూసిందట.

"మీకు ఈ విషయం తెలుసని విన్నాను సార్" అంది సరళ.

విన్నదట. 1987లో ఈ లోయలో కాఫీ తొక్క కుప్ప వేడిని కొలిచింది నేను. అప్పుడు కాఫీ పరిశోధన క్షేత్రంలో సహాయకుణ్ణి. నలభై రెండు రోజులు, రోజుకు ఒక అంకె. అన్నీ కొలిచినవే. పై అధికారి ప్రేమ్‌కుమార్ సంతకం పెట్టి పంపితే నా వ్యాసం అచ్చయ్యేది. పంపలేదు. "ఇవి కొలిచిన అంకెలు కావు, రాసుకున్న అంకెలు" అన్నాడు, నలుగురి ముందు. నేను రాజీనామా ఇచ్చి బడిపంతుల్ని అయ్యాను. రెండేళ్ళకి అదే విషయం మీద అతని పేరుతో వ్యాసం వచ్చింది. మామూలు దొంగ గోడకు కన్నం వేస్తాడు. చదువుకున్న దొంగ పేజీ కింద ఫుట్‌నోట్లు వేస్తాడు.

సరేనన్నాను. పిల్ల కోసం ఒప్పుకుంటున్నానని సరళతో చెప్పాను.

అనుకున్నది ఇది. పిల్ల చార్టును ప్రేమ్‌కుమార్ మెచ్చుకుంటాడు. మెచ్చుకోక తప్పదు. అప్పుడు నా సంచిలోంచి 1987 రిజిస్టరు తీసి ఆ చార్టు పక్కన పెడతాను. రెండు గీతలూ ఒకటేనని అందరి ముందూ అతని చేతే అనిపిస్తాను.

నవంబర్ 23, ఆదివారం

పిల్ల పేరు సోని. వాళ్ళ ఊరు అరకు నుంచి మలుపు దాకా ఆటో, అక్కణ్ణుంచి గంట నడక. నా మోకాళ్ళకి గంటన్నర. కుప్ప వేశాం. కాఫీ తొక్క ఒక వరస, పేడ ఒక వరస, ఎండిన సిల్వర్‌ఓక్ ఆకు ఒక వరస, ఛాతీ ఎత్తు వచ్చేదాకా. పిల్ల వాళ్ళ అవ్వ కనక గుమ్మంలో కూర్చుని నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ చూసింది.

"నాను గుర్తున్నానా బాబూ? సుక్రు కూతుర్ని" అంది.

సుక్రు క్షేత్రంలో కూలీ. ఆ రోజుల్లో కుప్పలోకి గొట్టం దింపేది అతనే. పోయి ఇరవై ఏళ్ళు దాటిందట.

గుర్తున్నావన్నాను. గుర్తులేదు.

"అప్పుడు బాగా కోపంగుండీవోరు" అంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ముసిలోరైనారు."

నవంబర్ 24

మొదటి రోజు. 24 డిగ్రీలు. నాలుగడుగుల ఇనుప గొట్టం కుప్ప నడుముకి దించాలి. దానిలోకి దారంతో థర్మామీటరు వదలాలి. అయిదు నిమిషాలు ఆగి పైకి లాగి చదవాలి. రోజూ పొద్దున్న ఏడింటికి. ఒక్క రోజు కూడా తప్పకూడదని చెప్పాను.

"జొరమొస్తే సార్?"

"కుప్పకి వస్తేనే రాయాలి. నీకు వస్తే రాయక్కర్లేదు."

కాసేపాగి నవ్వింది.

నవంబర్ 28, శుక్రవారం

సంతలో కనిపించారు. కనక చిక్కుడుకాయలు పోసుకుని కూర్చుంది.

"యాభై ఎనిమిది సార్. సెయ్యి పెడితే సుర్రుమంది" అంది సోని.

"చెయ్యి పెట్టమని ఎవరన్నారు?"

"తర్మామీటరు నిజం సెప్తాందో నేదో సూసినాను."

నవంబర్ 30

66. ట్రంకు పెట్టెలోంచి రిజిస్టరు తీశాను. 1987లో ఏడో రోజు 65. చెదలు పట్టలేదు. నా దస్తూరీ అప్పట్లో చాలా బాగుండేది.

డిసెంబర్ 3

చార్టు నేనే గీస్తున్నాను. సోని గీస్తే గీత వణుకుతుంది. ప్రాజెక్టు మాత్రం ఆమెదే.

డిసెంబర్ 8, సోమవారం

ఇవాళ 61. బడికి వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగి అంకె చెప్పింది. ఆ తరవాత, "రేపట్నుంచి మూడు దినాలు గొట్టం దించను సార్" అంది.

ఊరి పండుగ. ముహూర్తాలు చూసే దిశారి రోజులు పెట్టాడట. ఆ మూడు రోజులూ వాళ్ళు నేలలోకి ఇనుము దించరు. నాగలి, గునపం, గొడ్డలి అన్నీ మూలన పెట్టేస్తారు.

"కుప్ప నేల కాదు. పెంట" అన్నాను.

"అవ్వనడగండి."

సాయంత్రం ఆటో కట్టించుకుని వెళ్ళాను. కనకకి విడమరిచి చెప్పాను. నేల వేరు, కుప్ప వేరు, మనం వేసింది మనమే తీసేస్తాం, దానికీ భూదేవికీ సంబంధం లేదు.

ఆమె చుట్ట నోట్లోంచి తీసింది. "కాల్తాంది గదా బాబూ. సచ్చినదేదైనా కాల్తాదేటి? బతికున్నదాన్ని పండగ దినాన ఇనప గొట్టంతో పొడుస్తారా?"

ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు జీవక్రియ పాఠం చెప్పాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట ఆమెతో అనలేదు. మూర్ఖత్వం అని మాత్రం అన్నాను. ఆమె ఇంకేదైనా అడుగుతానేమో అన్నట్టు చూసింది. నేను దిగి వచ్చేశాను.

డిసెంబర్ 9

చార్టులో ఒక గడి ఖాళీ.

డిసెంబర్ 10

రెండు. ప్రేమ్‌కుమార్ కన్ను ముందు ఖాళీ మీదే పడుతుంది. అతని చదువంతా అంతే.

ఒక వైపు అంకె తెలిసి, రెండో వైపు అంకె తెలిస్తే, మధ్య అంకెని లెక్కకట్టడం దొంగతనం కాదు. ఖగోళశాస్త్రం చదివినవాడికి ఆ సంగతి తెలుసు. మబ్బు పట్టిన రోజున గ్రహం ఆకాశంలో లేదని ఎవడూ అనడు.

డిసెంబర్ 11

60, 59, 58. పెన్సిలుతో పెట్టాను. కుప్ప చల్లబడుతోంది కాబట్టి అంతే ఉండాలి.

డిసెంబర్ 12, శుక్రవారం

పండుగ అయిపోయింది. సోని సంతకి వెళ్ళే జీపులోంచి నన్ను చూసి అరిచింది. "అరవై ఆరు సార్." జీపు ఆగలేదు.

58 నుంచి ఒక్క రోజులో 66కి పోవడం కుదరదు. చెరిపేశాను. 62, 63, 65. ఇప్పుడు గీత సాఫీగా ఉంది. సిరాతో దిద్దాను.

డిసెంబర్ 14, ఆదివారం

సోని నోటుపుస్తకం తెచ్చింది. 9, 10, 11 తేదీల ఎదురుగా అంకెలున్నాయి. 60, 66, 68. పక్కన 'ఎదురు' అని రాసి ఉంది.

"ఏమిటిది?"

"ఎదురు గొట్టం సార్. అవ్వే కోసి, కణుపులు పొడిసిచ్చింది."

"పండుగ మూడు రోజులూ కొలవకూడదన్నారు కదా."

"ఇనుము దించకూడదన్నారు గానీ కొలవద్దన్నారేటి సార్? మీరు మూర్ఖత్వం అనేసి ఎళ్ళిపోనారు."

వెదురులో వేడి నెమ్మదిగా పాకుతుంది, అయిదు నిమిషాలు చాలవు అన్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయిదు నిమిషాలకు చూస్తే తక్కువ చూపించిందట. కనక చుట్ట వెలిగించినప్పుడు థర్మామీటరు వదిలి, చుట్ట అయిపోయాక తీస్తే అంకె నిలబడిందట. ఇనుము దించే రోజు రాగానే రెండు గొట్టాలూ పక్కపక్కన దించి చూసింది. ఇనుముకి అయిదు నిమిషాలు, 66. వెదురుకి ఒక చుట్ట, 66.

"చుట్ట అంటే ఎన్ని నిమిషాలు?"

"ఇరవై రెండు. అవ్వ మధ్యలో మాటాడకపోతే."

మరి వేడి ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. పండుగలో తిన్న అడ్డాకు విస్తళ్ళు, మిగిలిన అన్నం, జావ అన్నీ కుప్ప మీదే పోశారట.

"అది కూడా పండగ సేసుకుంది సార్."

ఒకే గీత మీద ఒకే పరికరంతో తీసిన అంకెలే ఉండాలని చెప్పాను. ఇది పద్ధతి. చార్టు చూపించాను. చాలాసేపు చూసింది.

"ఈ మూడూ మీరు ఏ పరికరంతో తీసినారు సార్?"

వెటకారం కాదు. మొహంలో వెటకారం లేదు.

"లెక్కతో" అన్నాను.

అది కూడా నోటుపుస్తకంలో రాసుకుంది.

డిసెంబర్ 16, మంగళవారం

కుప్ప తిరగేయించాలన్న వంకతో ఊరికి వెళ్ళాను. సోని బడికి వెళ్ళిపోయింది. ఆ వెదురు గొట్టం చూరులో దోపి ఉంది. తీసి చూశాను. కణుపులు శుభ్రంగా పొడిచి, లోపల నున్నగా చేశారు.

"మా అయ్య కూడా ఆ యేడు మీకోసం ఇలగే సేసినాడు" అంది కనక.

ఏ యేడు అని అడగలేదు.

"పండగ మూడు దినాలూ పొద్దున్నే ఎదురు గొట్టం ఎత్తుకుని కుప్పకాడికి ఎళ్ళీవోడు. తర్మామీటరు మీకాడే ఉండీది గదా, మీరొస్తారని కూకునీవోడు. మీరు రానేదు. నాలుగో దినాన పుస్తకం సూపించి, అయిపోయింది, రాసీసినానని అన్నారంట గదా. మా అయ్య నవ్వుకుంటా ఇంటికొచ్చినాడు."

"నాకు గుర్తులేదు" అన్నాను.

"ఆ గొట్టంలో సానా ఏళ్ళు ఉప్పేసుకున్నాం బాబూ. మంచి గొట్టం."

దిగి వచ్చాను. దారిలో మూడుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది.

గుర్తుంది. ఆ మూడు రోజులూ నేను గదిలో దుప్పటి కప్పుకుని ఒక లావుపాటి నవల చదివాను. చాలా మంచి నవల.

డిసెంబర్ 20, శనివారం

మూడు రోజులు ఏమీ రాయలేదు. రాయవలసింది లేక కాదు.

బజారులో చార్టు కాగితాలు దొరుకుతాయి. కొత్తది గీయడానికి ఒక పూట పడుతుంది. గీయలేదు. వెదురు అంకెలు పెడితే గీతకి మూపురం వస్తుంది. 1987 గీతకి మూపురం లేదు. రెండూ పక్కపక్కన పెడితే ఒకటిగా ఉండాలి. అందుకే ఇంత దూరం వచ్చాను.

నా అంకెలు నలభై రెండింటిలో దాదాపు అన్నీ కొలిచినవే.

డిసెంబర్ 21

ఇరవై ఎనిమిదో రోజు. 41. సోనికి చార్టు చుట్టచుట్టి ఇచ్చాను.

"మడత పడనివ్వకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

"అలగే సార్. ఉన్నది ఉన్నట్టే."

డిసెంబర్ 23, మంగళవారం

సరళ, సోని, నేను జీపులో పాడేరు వెళ్ళాం. రిజిస్టరు నా సంచిలో ఉంది. దారంతా చేత్తో తడుముకుంటూనే ఉన్నాను. ప్రేమ్‌కుమార్‌తో ఏమనాలో ఈ ముప్ఫయ్యెనిమిదేళ్ళలో తెలుగులో కూర్చుకున్నాను, ఇంగ్లీషులో కూర్చుకున్నాను. సంస్కృతంలో ఒక శ్లోకం సగం దాకా వచ్చింది.

హాల్లో నలభై బల్లలు. సగం బల్లల మీద అగ్నిపర్వతాలు. మా బల్ల కిటికీ పక్కన. సోని చార్టు విప్పి గోడకి అంటించింది. నేను గీసిన చార్టే. అయితే నా నీలం గీత పక్కన ఆకుపచ్చ చుక్కలు మూడు ఉన్నాయి, మూపురంలాగా. నా చుక్కలు మూడింటి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. అడుగున ఇలా రాసి ఉంది.

నీలం - ఇనుప గొట్టం, 5 నిమిషాలు.
ఆకుపచ్చ - వెదురు గొట్టం, ఒక చుట్ట (22 నిమిషాలు).
ఎరుపు - కొలవలేదు. మాస్టారు లెక్కతో రాసినవి.

చదవడం పూర్తయ్యేసరికి ప్రేమ్‌కుమార్ రెండు బల్లల అవతల ఉన్నాడు. చింపడానికి టైమ్ ఉంది. నా చెయ్యి లేచింది కూడా. "అతుకు ఊడుతోందా సార్?" అని సోని వచ్చి, నా చెయ్యి పక్కనే మూల నొక్కి సరిచేసింది.

అతను వచ్చాడు. కళ్ళజోడు పైకి జరిపి చార్టుకి బాగా దగ్గరగా నిలబడి చదివాడు.

"ఈ ఎర్రవి ఎవరు కొలిచారమ్మా?"

"ఎవరూ కొలవనేదు సార్. మాస్టారు రాసినారు."

"ఏ మాస్టారు?"

చూపించింది. ప్రేమ్‌కుమార్ తిరిగి చూశాడు. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"ఆ మూడు రోజులేనా?" అన్నాడు.

"అవే" అన్నాను.

ముప్ఫయ్యెనిమిదేళ్ళు కూర్చుకున్నదానికి బయటికి వచ్చింది ఆ రెండక్షరాలే. నన్ను ఎవరూ దొంగ అనలేదు. నేను మాత్రం భుజం మీద తువ్వాలు సర్దుకున్నాను. ఒకటికి రెండుసార్లు.

అతను మళ్ళీ పిల్ల వైపు తిరిగాడు. "మరి కొలవనివి చెరిపేయొచ్చు కదా? ఎందుకు ఉంచావు?"

"సార్ కష్టపడి రాసినారు గదా సార్. కొలవకుండా రాస్తే ఎంత తేడా వస్తాదో తెలుస్తాదని. రెండు, మూడు, మూడు."

"వెదురుతో కొలవొచ్చని ఎవరు చెప్పారు?"

"మా అవ్వ. ఆళ్ళ అయ్య అలగే సేసీవోడంట."

"ఆయన పేరు?"

"సుక్రు."

ప్రేమ్‌కుమార్ తన కాగితం మీద ఆ పేరు రాసుకున్నాడు. పిల్ల పేరు కాదు, ముందు ఆ పేరు.

సాయంత్రం టీ దగ్గర నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చక్కెర లేని టీ తీసుకున్నాడు. వయసు.

"మీ మిగతా ముప్ఫై తొమ్మిది అంకెలు చాలా మంచివండీ" అన్నాడు. "అప్పుడే అన్నాను కదా. ఆ మూడూ ఖాళీ పెట్టి ఇవ్వండి, సంతకం పెడతాను అన్నాను. మీరు వారంపాటు నాతో మాట్లాడలేదు. తరవాత రాజీనామా."

ఆ మాట అన్నాడా?

అన్నాడు.

రిజిస్టరు సంచిలోనే ఉంది. సోని రాష్ట్రస్థాయికి ఎంపికైంది. జీపులో ఘాట్‌రోడ్డు మలుపులకి రెండుసార్లు వాంతి చేసుకుని సరళ ఒళ్ళో నిద్రపోయింది.

దగ్గర నుంచి చూస్తే ప్రేమ్‌కుమార్ జుట్టు మరీ నలుపు. ఇది ఎక్కడో ఒకచోట రాసుకోవాలి.

డిసెంబర్ 24

పిల్ల కావాలనే చేసింది.

కావాలని చేయలేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నది నేనే.

డిసెంబర్ 26, శుక్రవారం

సంతకి వెళ్ళాను. కనక ఇవాళ పసుపు, చోళ్ళు అమ్మకానికి పెట్టుకుంది. సోని పక్కన కూర్చుని చోళ్ళు కొలిచి పోస్తోంది. బేరగాళ్ళు తగ్గేదాకా నిలబడ్డాను. తరవాత ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాను.

చెప్పాల్సింది చెప్పాను. ఆ యేడు ప్రేమ్‌కుమార్ పిలిచి ఆ మూడు రోజులూ ఎవరు కొలిచారని అడిగాడు. నేను సుక్రు కొలిచాడన్నాను. సుక్రుని పిలిపించారు. పండుగ దినాల్లో తాను ఇనుము దించలేదని, దించనని అన్నాడు. అబద్ధమాడుతున్నాడు, తాగి ఉంటాడు అన్నాను. నలుగురి ముందే అన్నాను. నన్ను ఒక మాట అన్నది మాత్రమే ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నాను.

"మీ అయ్య అబద్ధమాడలేదు. ఆడింది నేను."

కనక ఒక చేత్తో చోళ్ళు ఎగదోసింది.

"తెల్సు గదా బాబూ. ఊరంతటికీ తెల్సు. మీరొక్కరే తెలవనట్టు తిరిగీవోరు."

"నవంబర్‌లో నన్ను చూసినప్పుడే అనొచ్చు కదా."

"ఏటనమంటారు? మా గుంటకి పాఠం సెప్పడానికొచ్చినారు. సెప్పనివ్వాల గదా." చుట్ట వెలిగించుకుంది. "మా అయ్యకి మాత్రం ఆ తాగినాడన్న మాటే కష్టమైంది. ఆయన తాగీవోడు కాదు."

ఆమె చుట్ట అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. మధ్యలో మాట్లాడలేదు.

లేచేటప్పుడు సోనిని ఎర్ర పెన్సిలు అడిగాను.

"ఏటికి సార్?"

"పాత చార్టు ఒకటి ఉంది."

సంచిలో వెతికి ఇచ్చింది. సగం అరిగిపోయింది. సోమారం తిరిగి ఇచ్చీయాలి అంది.

కుప్ప ఇవాళ 33 అట. కుక్క మళ్ళీ పొయ్యి దగ్గరికి మారిపోయిందట.

ఇంటికి వచ్చి రిజిస్టరు తెరిచాను. 1987 డిసెంబర్, పదహారో రోజు, పదిహేడు, పద్ధెనిమిది. 60, 59, 58. మూడింటి చుట్టూ సున్నాలు చుట్టాను. పక్కన ఖాళీ తక్కువ ఉంది, చిన్న అక్షరాలతో రాశాను.

కొలవలేదు. నేను రాసినవి. సుక్రు మూడు రోజులూ వెదురు గొట్టంతో కుప్ప దగ్గరే ఉన్నాడు. తాగి లేడు.